వరంగల్‌లో డ్యూటీ పడితే: లాడ్జా, కిరాయి ఇల్లా తేల్చుకోవడం ఎలా

"ఆరు నెలల పనైతే లాడ్జికి పైసలెందుకు పోస్తవన్నా, ఒక రూము మాట్లాడుకో." వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఎక్కడ డ్యూటీలో చేరినా మొదటి వారంలోనే ఈ మాట చెప్పేవాళ్లు దొరుకుతారు. మీ మంచి కోరే చెబుతారు. ఆ మాట మీద అడ్వాన్స్ కట్టి, మంచం, పొయ్యి కొని, తీరా నెలలో సగం రాత్రులు ఆ ఇంటికి తాళం వేసి ఉంచేవాళ్లు చాలామంది. ఇంకో పక్క "రెండు నెలలే కదా" అని లాడ్జిలో దిగి, పని సాగుతూ పోతే పది నెలలైనా అదే గదిలో ఉండి, బయటి తిండితో కడుపు పాడుచేసుకున్నవాళ్లూ ఉన్నారు.

బ్యాంకు బదిలీ మీద వచ్చేవాళ్లు, మడికొండ ఐటీ పార్కులో చేరేవాళ్లు, గీసుగొండ, సంగెం దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో యంత్రాలు బిగించడానికి వచ్చేవాళ్లు, రైల్వే పనుల ఇంజినీర్లు, ఆడిట్ బృందాలు, ఎంజీఎం ఆసుపత్రిలో పోస్టింగ్ పడ్డ డాక్టర్లు. పని ఏదైనా లెక్క మాత్రం ఒకటే. ఆర్డరులో రాసిన నెలలు పక్కన పెట్టి, మీరు ఈ ఊళ్లో నిజంగా పడుకునే రాత్రులు ఎన్నో చూడాలి. మిగతా నిర్ణయాలన్నీ ఆ అంకె మీదే నిలబడతాయి.

1. ముందు రాత్రులు లెక్కపెట్టండి

క్యాలెండర్ తెరిచి, సోమవారం పొద్దున వచ్చి శుక్రవారం సాయంత్రం ఇంటికి వెళ్తారా, ఆదివారం రాత్రే వస్తారా చూడండి. సోమ, మంగళ, బుధ, గురు అంటే వారానికి నాలుగు రాత్రులు. నెలకు 16, 17. అందులోంచి సెలవులు తీసేయండి. బతుకమ్మ, దసరా వచ్చే నెలలో తెలంగాణలో ఎవరూ ఊరు వదిలి ఉండరు. సంక్రాంతి, ఇంట్లో పెళ్లిళ్లు, పిల్లల పరీక్షలు, హెడ్డాఫీసు మీటింగులు కూడా ఉంటాయి. ఇవన్నీ పోగా 13, 14 రాత్రులు మిగలడం మామూలే. అంటే "ఆరు నెలల డ్యూటీ" అనేది చాలామందికి 80, 85 రాత్రుల పని.

కుటుంబాన్ని వెంట తెచ్చుకుంటే ఈ లెక్క అక్కర్లేదు, ఇల్లే తీసుకోవాలి. ఇద్దరు పిల్లలతో లాడ్జి గదిలో నెల గడపడం ఎవరికీ మంచిది కాదు.

ఇంకో దారి కూడా చూడండి. మీ ఇల్లు జనగామలోనో కరీంనగర్‌లోనో ఉంటే అప్‌డౌన్ చేయొచ్చు. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు రైలు దారి 132 కిలోమీటర్లు. సీజన్ పాస్ మామూలుగా 150 కిలోమీటర్ల లోపు ఇస్తారు కాబట్టి హైదరాబాద్ నుంచి రోజూ తిరిగేవాళ్లూ ఉన్నారు. పాస్ చవకే, కానీ రోజుకు ఐదారు గంటలు దారిలోనే పోతాయి. వారానికి రెండు రోజుల పనైతే సరే. ఐదు రోజులూ అలా తిరగమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. మూడో నెలకు మనిషి అలసిపోతాడు.

2. డబ్బు ఎవరు కడతారో రాతలో తెలుసుకోండి

ఇది అడగడానికి మొహమాటపడకండి. కొన్ని కంపెనీలు లాడ్జి బిల్లు పెడితేనే డబ్బు ఇస్తాయి, ఇంటి కిరాయికి ఇవ్వవు. కొన్ని రోజుకు ఇంత అని మొత్తంగా ఇస్తాయి, ఎక్కడ ఉన్నారో అడగవు. బిల్లు మీద ఇచ్చే చోట మీరు కిరాయి ఇల్లు తీసుకుంటే కంపెనీకి ఆదా, మీ జేబుకు చిల్లు. మొత్తంగా ఇచ్చే చోట కిరాయి ఇల్లు చూసుకుంటే మిగిలింది మీదే. ఈ అలవెన్స్ ఎన్ని రోజుల వరకు వస్తుందో కూడా అడగండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు తాత్కాలిక డ్యూటీలో ఒకేచోట 180 రోజులు దాటితే డైలీ అలవెన్స్ ఆగిపోతుంది. ప్రైవేటులో ఈ గడువు ఇంకా తక్కువ ఉండొచ్చు. మెయిల్‌లో జవాబు తీసుకోండి. మేనేజరు మారితే నోటిమాట నిలవదు.

పన్నుల సంగతి కొంచెం. రాత్రికి 7,500 రూపాయల లోపు గదుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం. అంతకుముందు 12 ఉండేది. లాడ్జివాళ్లు పాత రేటు వేస్తే బిల్లు మార్చమనండి. ఇల్లు మీరు మీ పేరు మీద, ఉండటానికి తీసుకుంటే జీఎస్టీ లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీ తన పేరు మీద తీసుకుంటే ఆ కంపెనీయే 18 శాతం కట్టాలి. అందుకే చాలా కంపెనీలు "మీ పేరు మీదే రాయించుకోండి" అంటాయి. అలా అంటే అడ్వాన్స్ బాధ్యత కూడా మీ మీదే పడుతుంది. ఆ అడ్వాన్స్ కంపెనీ ఇస్తుందో లేదో ముందే తేల్చుకోండి.

హెచ్ఆర్ఏ, అంటే జీతంలో వచ్చే ఇంటి కిరాయి అలవెన్స్ మీద పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. ఏడాది కిరాయి లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు కావాలి. అడ్వాన్స్ ఇచ్చే రోజే అడగండి. మార్చిలో అడిగితే చాలామంది ఇవ్వరు.

3. ఎన్ని రాత్రులకు ఇల్లు కలిసొస్తుందో లెక్క వేయండి

కింది అంకెలు లెక్క ఎలా వేయాలో చూపడానికి అనుకున్నవి. మీకు చెప్పిన రేట్లు వీటి స్థానంలో పెట్టుకోండి.

లాడ్జి గది 1,200 అనుకుందాం. 5 శాతం కలిపితే రాత్రికి 1,260.

సింగిల్ బెడ్‌రూమ్ కిరాయి 9,000, మెయింటెనెన్స్ 800, కరెంటు 600, ఇంటర్‌నెట్ 700, ఊడ్చి తుడిచే మనిషికీ తాగునీళ్ల క్యాన్లకూ 1,000. నెలకు 12,100. దీనికి తోడు తిరిగిరాని ఖర్చులుంటాయి: పరుపు, ఫ్యాను, బకెట్లు, గిన్నెలు, సామాను మోసిన ఆటో, ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో ఓనరు పట్టుకునే డబ్బు. మొత్తం 12,000 అనుకుందాం. అడ్వాన్స్ తిరిగి వస్తుంది కాబట్టి అది ఇందులో లేదు.

నెల రోజులే ఉంటే ఇంటి ఖర్చు 24,100. దాన్ని 1,260తో భాగిస్తే 19. అంటే ఆ నెలలో 19 రాత్రులకు పైగా ఉంటేనే ఇల్లు లాభం. మూడు నెలలుంటే ఆ 12,000 మూడు భాగాలై నెలకు 16,100 అవుతుంది. 13 రాత్రుల దగ్గర లెక్క సమానం. ఆరు నెలలైతే నెలకు 14,100, అంటే 11 రాత్రులు.

ఇప్పుడు మీ 13, 14 రాత్రుల అంకెను దీని పక్కన పెట్టండి. మూడు నెలల పనికి, వారాంతం ఇంటికి వెళ్లేవాళ్లకు లాడ్జికీ ఇంటికీ దాదాపు ఒకటే ఖర్చు. ఆ కొద్దిపాటి తేడా కోసం అడ్వాన్స్ ఇరికించుకుని, సామాను కొని, మళ్లీ అమ్ముకునే శ్రమ అనవసరం అని నా అభిప్రాయం. ఆరు నెలలు దాటే పనికి, నెలకు 16 రాత్రులైనా ఉండేవాళ్లకు ఇల్లే సరైనది. ఆదాకు తోడు ఆరోగ్యం, నిద్ర కూడా దక్కుతాయి.

తిండిని ఈ లెక్కలో కలపాలంటే నిజాయతీగా కలపండి. ఇల్లు తీసుకుంటే వండుకుంటాం అని అందరూ అనుకుంటారు. రాత్రి ఎనిమిదికి సైటు నుంచి వచ్చే మనిషి పప్పు, కూర, చారు వండడు. చాలామందికి కుదిరేది ఏమిటంటే రైస్ కుక్కర్లో అన్నం పెట్టుకుని, వీధి చివరి కర్రీ పాయింట్ నుంచి ఒక పప్పు, ఒక వేపుడు తెచ్చుకోవడం. లేదంటే సాయంత్రం బండి దగ్గర రెండు జొన్నరొట్టెలు. ఇలా చేసినా హోటల్ భోజనం కంటే చవక, కడుపుకూ తేలిక. కానీ "వండుకుంటే నెలకు ఐదు వేలు మిగులు" అని కాగితం మీద రాసుకుని ఇల్లు తీసుకోకండి.

4. నడిమి దారులు

మూడు నెలల చుట్టూ తిరిగే పనులకు ఇవే మేలు.

లాడ్జితోనే నెలవారీ రేటు మాట్లాడుకోవచ్చు. ఆన్‌లైన్ యాప్‌లో కనపడే రేటు చూసి ఆగిపోకండి. నేరుగా వెళ్లి ఓనరుతోనో మేనేజరుతోనో కూర్చుని "నెలకు ఇన్ని రాత్రులు, ఇన్ని నెలలు, సోమవారం నుంచి గురువారం దాకా" అని చెప్పండి. వారం నడిమిలో గదులు ఖాళీగా ఉండే లాడ్జికి మీరు మంచి గిరాకీ. తగ్గిస్తారు. దాంతోపాటు ఒక మాట అడగండి: శుక్రవారం గది ఖాళీ చేసినప్పుడు ఒక సూట్‌కేసు కౌంటర్ దగ్గర పెట్టి, సోమవారం తీసుకోవచ్చా? ఒప్పుకునే లాడ్జి దొరికితే ఇల్లు తీసుకోవడానికి ఉన్న సగం కారణాలు పోతాయి.

హాస్టల్ లేదా పీజీలో సింగిల్ రూము ఇంకో దారి. మనిషికి నెలకు 20,000 లోపు ఉండి, కనీసం 90 రోజులు వరసగా ఉంటే దాని మీద జీఎస్టీ లేదు. హనుమకొండలో చదువుకునే పిల్లల హాస్టళ్లు ఎక్కువ. నలభై ఏళ్ల ఉద్యోగికి అక్కడి గోల, గేటు టైము ఇబ్బందే. ఉద్యోగుల కోసమే నడిపేవి వెతకండి. ఒంటరిగా వచ్చే ఆడవాళ్లకు మాత్రం, మొదటి నెలకు మంచి లేడీస్ హాస్టల్ చాలా నయం. ఊరు తెలిశాక తోటి ఉద్యోగినితో కలిసి ఇల్లు చూసుకోవచ్చు.

మీ ఆఫీసు నుంచే ఇద్దరు ముగ్గురు వచ్చి ఉంటే డబుల్ బెడ్‌రూమ్ పంచుకోండి. సెలవులు వేర్వేరు రోజుల్లో పడితే ఇల్లు ఖాళీగా ఉండదు. ఒప్పందంలో అందరి పేర్లూ ఉండాలి. లేదంటే ఒకరు మధ్యలో వెళ్లిపోతే కిరాయి మొత్తం పేరున్నవాడి మీద పడుతుంది.

5. మొదటి వారం లాడ్జిలోనే ఉండండి

ఇల్లు తీసుకోవాలని తేలినా సరే, మొదటి ఏడెనిమిది రోజులు లాడ్జిలో దిగండి. ఫోన్‌లో ఫొటోలు చూసి హైదరాబాద్ నుంచే అడ్వాన్స్ పంపొద్దు. మిలిటరీలో పనిచేస్తున్నానని చెప్పి, ఫొటోలు పంపి, "టోకెన్ అమౌంట్" వేయించుకుని మాయమయ్యే మోసాలు దేశమంతా ఉన్నాయి. ఇల్లు కళ్లతో చూసి, తాళం చేతికి వచ్చేదాకా ఒక్క రూపాయీ వేయకండి.

లాడ్జిలో దిగేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: 24 గంటల చెకౌటా, మధ్యాహ్నం 12 గంటలకా? పొద్దున ఆరింటి రైలుకు దిగేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. 12 గంటల చెకౌట్ ఉన్నచోట పొద్దున దిగితే ఆరు గంటలకు ఒక రోజు డబ్బు పోవచ్చు. వేడినీళ్లు ఎన్నింటి దాకా వస్తాయి, కరెంటు పోతే జనరేటరు మీద ఏసీ నడుస్తుందా, ఫ్యానేనా అని కూడా అడగండి. కింద ఫంక్షన్ హాలు ఉందేమో చూడండి. పెళ్లి ముహూర్తాల రోజుల్లో బరాత్ డీజే అర్ధరాత్రి దాకా వినపడుతుంది. పక్కరోజు పొద్దున ఏడింటికి సైటులో ఉండాల్సిన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే, చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

రోజుల సంగతి కూడా గమనించండి. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. ఆ వారం, దాని ముందు వారం వరంగల్, హనుమకొండ దాదాపు జాతర ఊళ్లే. గది దొరకడం కష్టం, దొరికినా రేటు వేరు. పెద్ద ముహూర్తాలకు, పోటీ పరీక్షలకు కూడా అంతే. జాతర ఉన్న ఏడాది ఆ రోజులు మీ డ్యూటీలో పడుతుంటే ముందే గది చెప్పుకోండి, లేదా ఆ వారం సెలవు పెట్టండి.

6. ఏ పక్కన వెతకాలి

మూడు ఊళ్లూ ఒకే పెద్దరోడ్డు మీద పేర్చినట్టుంటాయి. ఒక చివర కాజీపేట, నడుమ హనుమకొండ, ఇంకో చివర వరంగల్. సాయంత్రం పూట ఈ రోడ్డు మీద ప్రయాణం దూరాన్ని బట్టి కాదు, రద్దీని బట్టి ఉంటుంది. కాబట్టి పని ఉన్న పక్కనే ఇల్లు చూసుకోండి.

మడికొండకో రైల్వే పనికో వచ్చినవాళ్లకు కాజీపేట, ఫాతిమానగర్ పక్క నయం. శుక్రవారం సాయంత్రం రైలెక్కడమూ తేలికే. రైళ్ల గురించి ఒక సంగతి. రామగుండం, మంచిర్యాల మీదుగా సికింద్రాబాద్ వెళ్లే బళ్లు కాజీపేటలో ఆగుతాయి, వరంగల్ స్టేషన్‌కు రావు. విజయవాడ నుంచి ఢిల్లీ వైపు వెళ్లే చాలా బళ్లు కాజీపేటకు పోకుండా వరంగల్‌లోనే ఆగుతాయి. మీ సొంతూరు ఏ దారిలో ఉందో చూసుకుని స్టేషన్ ఎంచుకోండి.

ఆఫీసు ఉద్యోగులకు సుబేదారి, నక్కలగుట్ట, బాలసముద్రం, కిషన్‌పుర అన్నీ దగ్గర. కిరాయి కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. కాకతీయ యూనివర్సిటీ, కరీంనగర్ రోడ్డు పక్క పనైతే భీమారం, గోపాల్‌పూర్ చూడండి. ఎంజీఎం, మార్కెట్, టెక్స్‌టైల్ పార్కు పక్క పనికి వరంగల్ వైపు కాలనీలు. ఎనుమాముల మార్కెట్ దగ్గర తీసుకునేవాళ్లు మిర్చి సీజన్‌లో లారీల వరస ఎలా ఉంటుందో అక్కడి కిరాణా కొట్టాయనను అడగండి.

వానాకాలం సంగతి మాత్రం తప్పకుండా చూడాలి. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ ఈ నగరంలో లోతట్టు కాలనీలు మునిగాయి. నయీంనగర్ నాలా పరిసరాలు, హంటర్ రోడ్డు కింది కాలనీల్లో జనాన్ని పడవల్లో తీసుకురావాల్సి వచ్చింది. ఆ ప్రాంతాల్లో ఇల్లు తీసుకోవద్దనడం లేదు, అక్కడ మంచి ఇళ్లున్నాయి. గ్రౌండ్ ఫ్లోర్ మాత్రం తీసుకోకండి. "ఇక్కడికి నీళ్లు వచ్చాయా" అని ఓనరును కాదు, ఎదురింటివాళ్లను అడగండి. పార్కింగ్ గోడల మీద నీటి చారలుంటే అవే చెబుతాయి.

ఎండాకాలం పై అంతస్తు వద్దు. ఉత్తర తెలంగాణ మే నెల ఎండకు స్లాబు రాత్రి పన్నెండు దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. అంటే మీకు మిగిలేది నడిమి అంతస్తులే.

రామగుండం, గోదావరిఖని, భూపాలపల్లి, మంచిర్యాల వైపు డ్యూటీ అయితే లెక్క కొంచెం మారుతుంది. సింగరేణి, ఎన్టీపీసీ, జెన్కో ఉన్న చోట ముందు గెస్ట్‌హౌస్, క్వార్టర్ గురించి రాతపూర్వకంగా అడగండి. విద్యుత్ కేంద్రాల్లో ఓవర్‌హాలింగ్ (యంత్రాల పెద్ద మరమ్మతు) నడిచే రోజుల్లో బయటి మనుషులు ఒక్కసారిగా వస్తారు కాబట్టి లాడ్జికి ముందే ఫోన్ చేసుకోండి.

7. ఇల్లు చూసేటప్పుడు

టు-లెట్ బోర్డులు సాయంత్రం నడుస్తూ చూస్తే దొరికేవే ఎక్కువ. బ్రోకరు అయితే కమీషన్ ఎంతో ఇల్లు చూపించకముందే మాట్లాడుకోండి. ఆషాఢంలో జనం ఇల్లు మారరు. ఆ నెలలో ఖాళీ పోర్షన్లు మిగిలి ఉంటాయి, బేరమూ కుదురుతుంది. మీకు పట్టింపు లేకపోయినా ఓనరుకు ఉండొచ్చు. మంగళవారమో అమావాస్య రోజో తాళం ఇవ్వనంటే ఒక రోజు ఆగండి. పాలు పొంగించి దిగమంటే అలాగే దిగండి, ఖర్చు అర లీటరు పాలు.

"బ్యాచిలర్స్‌కు ఇవ్వం" అనే మాట చాలాసార్లు వినాల్సి వస్తుంది. పెళ్లై, కుటుంబం వేరే ఊళ్లో ఉన్నవాళ్లనూ బ్యాచిలర్ కిందే లెక్కేస్తారు. ఆఫీసు ఐడీ, కుటుంబం నెలకోసారి వస్తుందన్న మాట, అదే కాలనీలో ఉండే సహోద్యోగి పరిచయం ఉంటే చాలావరకు కుదురుతుంది. కులం అడిగే ఓనర్లు కూడా ఉన్నారు. "మీరేమిటోళ్లు" అన్నాకే కిరాయి మాట్లాడతారు. అది అన్యాయం. ఆ మాట పడ్డవాళ్లకు ఎంత నొప్పిగా ఉంటుందో నాకు తెలుసు. కిరాయికి వచ్చే మనిషిని ఆ ప్రశ్నతో కొలిచే ఇంట్లో ఆ తర్వాతా ప్రశాంతంగా ఉండనివ్వరు. తిండి మీద, వచ్చిపోయేవాళ్ల మీద అదే నిఘా ఉంటుంది. ఇంకో ఇల్లు చూసుకోండి, దొరుకుతుంది. మీ సహోద్యోగికి ఆ ఇబ్బంది ఎదురైతే మీరే వెంట వెళ్లి మీకు తెలిసిన మంచి ఓనరు దగ్గరికి తీసుకెళ్లండి.

నీళ్లు పొద్దున చూడాలి. సాయంత్రం ఇల్లు నచ్చితే మర్నాడు ఏడింటికి మళ్లీ వెళ్లి, బాత్రూమ్ నల్లా తిప్పండి. అందరూ స్నానాలు చేసే టైములో ధార ఎలా ఉందో అదే నిజం. బోరు ఎండాకాలంలో ఎండిపోతుందా, ట్యాంకరు తెప్పిస్తే ఖర్చు ఎవరిది, మున్సిపల్ నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుంది అడగండి. కోతుల సంగతీ అడగండి. వరంగల్ కాలనీల్లో ఇది నిజమైన బాధ. బాల్కనీకి గ్రిల్ లేకపోతే బట్టలు ఆరేసి డ్యూటీకి వెళ్లలేరు. వారాంతం కిటికీ మూయడం మరిచి ఊరెళితే ఇల్లంతా చిందరవందరే.

కరెంటు మీటరు మీద ఎక్కువ సేపు మాట్లాడండి. మీ పోర్షన్‌కు వేరే సర్వీసు ఉందా, ఓనరు మీటరులోంచే వస్తుందా? ఎందుకంటే ఛార్జీ స్లాబుల్లో ఉంటుంది. 2022 నాటి టారిఫ్ ప్రకారం నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతి 100 యూనిట్లు 4.80 చొప్పున. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు. 200 దాటిందంటే మొదటి 200 యూనిట్లకూ 5.10 పడుతుంది, ఆపైన 300 దాకా 7.70. ఒక్క యూనిట్ ఎక్కువైతే బిల్లు రెండు వందలకు పైగా పెరుగుతుంది. మీరు 150, ఓనరు 150 విడివిడి మీటర్ల మీద వాడితే చెరి 580. అదే ఒకే మీటరు మీద 300 అయితే 1,790, చెరి 895. ఫిక్స్‌డ్ ఛార్జీలు వేరు. ఇంకో చిక్కుంది. ఓనరు ఇంటికి ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తుంటే, మీ వాడకం కలిసి 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి. ఆ గొడవ మీ మీదికే వస్తుంది. సబ్ మీటరు బిగిస్తే యూనిట్లు తెలుస్తాయి కానీ స్లాబు సమస్య తీరదు. వేరే సర్వీసు ఉన్న పోర్షన్‌కు మూడు, నాలుగు వందల కిరాయి ఎక్కువైనా అదే తీసుకోండి.

ఏసీ పెట్టుకుంటే ఎండాకాలం లెక్క వేరు. రాత్రికి పది యూనిట్లు అనుకున్నా 22 రాత్రులకు 220. పైన వేసుకున్న 600 రూపాయల కరెంటు అంచనా మే నెలకు పనికిరాదు.

8. ఒప్పందం

ఒప్పందం 11 నెలలకు రాసుకోవడం వాడుక. మీ డ్యూటీ నాలుగు నెలలే అయినా 11 నెలలకే రాస్తారు. ఫరవాలేదు, కానీ ఒక వాక్యం తప్పక చేర్పించండి: బదిలీ అయినా, పని ముగిసినా నెల నోటీసుతో ఖాళీ చేయొచ్చు, అడ్వాన్స్ కోత ఉండదు. ఈ వాక్యానికి ఒప్పుకోని ఇల్లు డ్యూటీ మీద వచ్చిన మనిషికి పనికిరాదు, ఎంత బాగున్నా సరే.

రంగుల డబ్బు గురించి కూడా అప్పుడే రాయించండి. ఏడాది ఉన్న కుటుంబం దగ్గరా, నాలుగు నెలల్లో సగం రోజులు ఉన్న మీ దగ్గరా రంగుల పేరుతో ఒకేలా నెల కిరాయి పట్టుకోవడం న్యాయం కాదు. మాట్లాడితే సగానికి వస్తారు. అడ్వాన్స్, కిరాయి రెండూ యూపీఐలోనో బ్యాంకులోనో వేయండి. చేతికిచ్చే పరిస్థితి వస్తే రసీదు.

9. తక్కువ సామానుతో దిగండి

పరుపు, దిండు, రైస్ కుక్కర్, ఇండక్షన్ పొయ్యి, రెండు గిన్నెలు, రెండు బకెట్లు, తాళం, ఎక్స్‌టెన్షన్ బోర్డు. మొదటి నెలకు ఇవి చాలు. గ్యాసు కనెక్షన్ మార్పించుకోవడం అనవసరం. కావాలంటే 5 కిలోల చిన్న సిలిండర్ అడ్రస్ ప్రూఫ్ లేకుండా గుర్తింపు కార్డు మీదే ఇస్తారు. మంచం, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ రెండో నెలలో కూడా అవసరం అనిపిస్తే సెకండ్‌హ్యాండ్‌లో చూడండి. తాళం విషయంలో ఒక్కమాట: తలుపుకు మీ సొంత తాళం వేసుకోండి. వారాంతం లేనప్పుడు పక్కింటివాళ్లకు ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లండి. నల్లా తెరిచిపెట్టి ఊరెళ్లిన ఇంటి నీళ్లు కింది పోర్షన్‌లోకి కారడం మామూలుగా జరిగేదే.

10. ఖాళీ చేసేటప్పుడు

పని ముగుస్తుందని తెలిసిన రోజే నోటీసు వాట్సాప్‌లో రాయండి, ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. దిగిన రోజే గోడలు, నల్లాలు, స్విచ్ బోర్డులు, బాత్రూమ్ టైల్స్ ఫొటోలు తీసి ఉంచుకోండి, ఖాళీ చేసేటప్పుడు అవి బయటికి తీసి పెట్టుకోండి. చివరి నెల కిరాయి అడ్వాన్స్‌లో కోసుకోమని ఓనరు ఒప్పుకుంటే అదే మంచిది, తిరిగి రాబట్టాల్సిన మొత్తం తగ్గుతుంది. ఖాళీ చేసే పొద్దున మీటరు రీడింగ్ ఫొటో తీసి, దాని మీద బిల్లు లెక్కగట్టి చెల్లించండి. ఇంటర్‌నెట్ రూటర్ తిరిగి ఇచ్చిన రసీదు తీసుకోండి. తాళం ఇచ్చేది అడ్వాన్స్ మీ ఖాతాలో పడ్డాకే. "వచ్చే వారం వేస్తా" అంటే, మిగిలిన మొత్తం, వేసే తేదీ ఒక మెసేజ్‌లో పెట్టమనండి. ఇక్కడి ఓనర్లు ఎక్కువమంది మాట మీద నిలబడేవాళ్లే, రాసివ్వమంటే నొచ్చుకోరు. పని మళ్లీ సాగి ఇంకో నెల రావాల్సి వస్తే పాత ఓనరుకే ముందు ఫోన్ చేయండి. అప్పటికి పోర్షన్ నిండిపోతే, సూట్‌కేసు పెట్టుకోనిచ్చిన ఆ లాడ్జి మేనేజరు నంబరు మీ దగ్గర ఎలాగూ ఉంటుంది.